గాలిగదికి మూడు నిమిషాలు

రోజు 1

ఈ పుస్తకం ఖాజాబీ మేడం ఇచ్చింది. బడిలో వినికిడి గది నడిపేది ఆమే. "రోజూ రాయి శివలీలా. పాప ఏమి వినింది, ఎంతసేపు వినింది, తర్వాత ఏం జేసింది. నీకేమనిపించిందో కూడా రాయి గానీ, చూసినదాంట్లో కలపొద్దు" అని చెప్పింది. నేను ఫ్యాన్ల మెకానిక్‌ని. యంత్రాల గురించి రాసే అలవాటు ఉంది. కూతురి గురించి ఎప్పుడూ రాయలేదు.

జమునకు ఏడేళ్ళ తొమ్మిది నెలలు. నీళ్ళు, వద్దు, అన్నం, పైకి అనే నాలుగు మాటలు పలుకుతుంది. పిలిస్తే తిరిగి చూడదు. గిన్నె కింద పడితే గంటసేపు ఏడుస్తుంది. కిందూరులో గిన్నె పడితే ఊరంతా మోగుతుంది మరి. నేల కింద నాపరాయి గనులు తొలిచి కట్టిన ఊరు ఇది, గాలి ఫ్యాన్లతోనే వస్తుంది. గోడ, నేల, పైకప్పు అన్నీ రాయే.

ఈ రోజు పొద్దున నాలుగో ఫ్యాను జల్లెడలో ధూళి దులిపి ఇంటికి వచ్చేసరికి రక్షణ అధికారి శేషఫణి మా గడపలో నిలబడి ఉన్నాడు. ఫ్యాన్లు ఆగి గాలి చెడితే గాలిగదికి చేరడం నేర్పే డ్రిల్లులో పోయిన వారం ఏమైందో ఆయన కాగితంలో రాసుకొచ్చాడు. సైరన్ మోగగానే జమున మంచం కిందికి దూరింది. నా భర్త మద్దిలేటి లాగబోతే అతని ముంజేతిని రక్తం వచ్చేలా కొరికింది. గాలిగది గేటు పడేసరికి ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం.

"నిజం సైరన్ అయివుంటే ముగ్గురూ పోయుందురు" అన్నాడు శేషఫణి. "ఎనిమిదేండ్లు నిండేలోగా పాప తనంతట తాను గాలిగదికి నడవాలమ్మా. మూడు నిమిషాల్లో గేటు పడతాది. ఎత్తుకపోతామంటే కుదర్దు. మూడో వీధిలో ఏమైందో నీకు నేను చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. ఆరేళ్ళ కిందట అక్కడ ఫ్యాను ఆగిపోయి గాలి చెడింది. పెనుగులాడుతున్న బిడ్డను ఎత్తుకున్న తండ్రి ఇరుకు దారిలో పడిపోయాడు. వెనక వస్తున్నవాళ్ళు ఆగిపోయారు. గేటు పడింది. బయట ఐదుగురు మిగిలిపోయారు. ఆ ఫ్యాను తర్వాత బాగుచేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

"నడవలేకపోతే?"

"సముద్రం ఒడ్డున పిల్లల కేంద్రం ఉంది. అది నేలమీదే. సైరన్లు ఉండవు. మంచి చోటు. ఏడాదికి రెండుసార్లు బండ్లు పోతాయి, పోయి చూసి రావచ్చు."

తొంభై రోజులు గడువు రాసి ఇచ్చాడు. ఆయన పోగానే నేను నేరుగా ఖాజాబీ మేడం దగ్గరికి వెళ్ళాను.

రోజు 2

మేడం ఇంటికి వచ్చింది. సంగీతం వినిపించే ఒక పెట్టె, దానికి తగిలించిన హెడ్‌ఫోన్లు తెచ్చింది. మెత్తటి తోలు వేసి ఉన్నాయి. నడినెత్తిన ఆనే చోట చిన్న బిళ్ళ ఉంది. శబ్దం చెవిలోకి పోవడంతో పాటు ఆ బిళ్ళ గుండా ఎముకకు కూడా తెలుస్తుందట.

"పాపకు వినపడదని గాదు" అని మేడం మద్దిలేటికి చెప్పింది. "అన్నీ ఒక్కసారే వినపడతాయి. మనకు ఫ్యాను మోత వెనక్కి పోయి, మనిషి మాట ముందుకొస్తాది. దానికి అన్నీ ముందరే నిలబడతాయి. అందుకని సంగీతాన్ని జల్లెడ పట్టి ఇస్తాం. మొదట ఉరుముల్లాంటి లావు శబ్దాలు. అవి పడితే నడిమివి. ఆఖర్న ఈల లాంటి సన్నవి."

"వింటే మాటలొస్తాయా?" అని మద్దిలేటి అడిగాడు.

"చెప్పలేను నాయనా. కొందరికి నిద్ర కుదురుతాది. కొందరికి తిండి. కొందరికి ఏమీ కాదు. నేను మాట ఇయ్యను."

అతనికి ఆ జవాబు నచ్చలేదు. నాకు నచ్చింది. బేరింగు బాగవుతుందని ముందే మాటిచ్చే మెకానిక్‌ని నేనూ నమ్మను.

హెడ్‌ఫోన్లు చూపించగానే జమున లాక్కుని గోడకేసి కొట్టింది. విన్న సమయం: సున్నా.

రోజు 5

సున్నా. సున్నా. సున్నా.

ఈ రోజు మాత్రం ఒకటి జరిగింది. హెడ్‌ఫోన్లు నేను పెట్టుకుని పప్పు ఏరుతూ కూర్చున్నాను. పెట్టెలో ఉరుముల వాద్యం ఉంది. పుల్లతో డప్పు తోలు మీద రుద్దితే మబ్బు గొణిగినట్టు వస్తుందే, ఆ శబ్దం. జమున దూరం నుంచి చూసింది. దగ్గరికి వచ్చి, నా తల మీది నుంచి వాటిని తీసి, పప్పు గిన్నెకు తొడిగింది. గిన్నె ముందు బోర్లా పడుకుని, దాని అంచు మీద వేలు పెట్టి, అది అదురుతుంటే చాలాసేపు చూసింది.

పప్పు గిన్నె విన్న సమయం: ఇరవై రెండు నిమిషాలు.

రోజు 11

జమున రెండు నిమిషాలు విన్నది!

కూర్చోబెట్టి వినిపించొద్దని మేడం చెప్పింది. కదులుతూ వినాలట. మద్దిలేటి గుమ్మానికి దుప్పటితో ఊయల కట్టాడు. అతను పై పొలాల్లో పనిచేస్తాడు. తెల్లవారక ముందే పైకి పోయి, ఎండ ముదరక ముందే దిగి వస్తాడు. దిగి వచ్చిన మనిషి ముఖం కూడా కడుక్కోకుండా ఊయల ఊపాడు. జమున కళ్ళు మూసుకుంది. హెడ్‌ఫోన్లు తీసేయడానికి చెయ్యి లేపింది, మళ్ళీ దించింది. మూడోసారి తీసేసింది.

"రెండు నిమిషాలే కదా" అన్నాడు మద్దిలేటి.

"సున్నా కాదు కదా" అన్నాను.

రోజు 19

పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను. ఉరుము, మృదంగం ఎడమ వైపు మోత, వీణ లావు తీగ. నేల మీద పరిచిన చెక్క మీద నడుస్తూ వింటోంది. మొదట్లో చెక్క దిగి పడిపోయేది. ఇప్పుడు చివరిదాకా పోయి తిరిగి వస్తుంది.

చూసినవి: నాలుగు రోజులుగా నిద్ర మధ్యలో లేవలేదు. ఈ మధ్యాహ్నం నా చేతిలోంచి మూత జారి పడింది. జమున చెవులు మూసుకుంది. పది లెక్కపెట్టేలోగా చేతులు దించి మళ్ళీ అన్నం తిన్నది.

నాకనిపించింది: ఆ మూతను ముద్దుపెట్టుకోవాలని.

రోజు 27

సన్న శబ్దాలు మొదలుపెట్టాం. పిల్లనగ్రోవి. అర నిమిషం కాకముందే జమున వాంతి చేసుకుంది. తలను గోడకేసి కొట్టుకుంది. నేను అడ్డం చెయ్యి పెట్టాను. నా వేళ్ళు వాచాయి, రేపు స్పానరు పట్టుకోవడం కష్టమే.

మేడం వచ్చి చూసి తప్పు తనదే అన్నది. "తొందరపడినాను. నీ గడువు చూసి భయపడి నేనూ ఉరికినాను. మెట్టు జారితే కింది మెట్టు మీద నిలబడదాం గానీ కొండ దిగిపోం గదమ్మా. రేపటి నుంచి మళ్ళీ ఉరుములే."

రోజు 34

మద్దిలేటి అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"లీలా, ఒక మాట అంటే కోపం తెచ్చుకోవు గదా. ఆ సముద్రం కాడి కేంద్రం... అక్కడ ఫ్యాన్లు లేవు. సైరన్లు లేవు. ఆకాశం ఉంటాది. 'పైకి' 'పైకి' అంటాదే ఇది, అక్కడ ఎప్పుడూ పైనే గదా. మన కోసం దీన్ని ఈ రాతిలో పెట్టి నలగ్గొడతాండామేమో."

కోపం రాలేదు. అదే సంగతి నేను నెలరోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ కేంద్రం మంచిదే అయ్యుండవచ్చు. అక్కడ జమున నవ్వవచ్చు కూడా.

"దాన్ని అక్కడ వదిలిపెట్టి వచ్చినాక మరుసటి రోజు పొద్దున లేస్తాది" అన్నాను. "మనం కనపడం. మా అమ్మా నాయనా యాడికి పోయినారని అడగడానికి దానికి మాటల్లేవు. అడగలేదని వాళ్ళు అనుకుంటారు, మరిచిపోయిందని. ఏడాదికి రెండుసార్లు మనం పోతాం. మధ్యలో ఆ పిల్ల ఏమనుకుంటా ఉంటాదో నువ్వు చెప్పగలవా?"

అతను కలిపిన అన్నం జమునకు పెట్టాడు. సాయంత్రం ఊయల తాడు వదులైందని మళ్ళీ బిగించి కట్టాడు.

రోజు 46

విన్న సమయం రోజుకు నలభై నిమిషాలకు చేరింది. నిద్ర, తిండి, చెక్క మీద నడక అన్నీ నయం. కానీ ఈ రోజు డ్రిల్లులో సైరన్ మోగగానే మళ్ళీ మంచం కిందే. తేడా ఒక్కటే, ఈసారి కొరకలేదు.

సైరన్ ఆగాక నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. నలభై నాలుగు రోజులున్నాయి. సంగీతం జమునను బాగా చూసుకుంటోంది. కానీ పరీక్షలో మోగేది సంగీతం కాదు.

అప్పుడు తట్టింది. సైరన్‌ను కూడా జల్లెడ పట్టవచ్చు కదా.

మేడం వినగానే వద్దన్నది. ఆమె గట్టిగా మాట్లాడటం వినడం ఇదే మొదటిసారి. "శివలీలా, ఆ హెడ్‌ఫోన్లు ఆ బిడ్డకు ఈ ఊర్లో దొరికిన ఒకే ఒక్క మంచి చోటు. నువ్వు ఆ చోట్లోకి సైరన్ తెస్తానంటాండావు. అది చెడితే ఇంగ సంగీతం గూడా ఇనదు. మొత్తం పోతాది. ఆలోచన చెయ్."

"చెయ్యకపోతే?"



రోజు 48

రెండు రోజులు ఆలోచించాను. మద్దిలేటితో మాట్లాడాను. "నువ్వేమంటే అది" అన్నాడు. నాకు అది సాయం కాలేదు. "నువ్వు కూడా అను. పోతే ఇద్దరం పోగొట్టుకుందాం" అన్నాను. ముఖం కడుక్కుని వచ్చి, "చేద్దాం" అన్నాడు.

ఫ్యాను గదిలో సైరన్ల పరీక్ష నా పనే. ఈ రోజు పరీక్షప్పుడు దాన్ని రికార్డు చేసుకొచ్చాను. మేడం తల అడ్డంగా ఊపుతూనే పెట్టె తీసి పక్కన కూర్చుంది. లావు శబ్దం ఒకటీ, నడిమిది ఒకటీ, సన్నది ఒకటీ, మూడు ముక్కలు చేసింది. సన్నదాన్ని వినగానే నా పళ్ళు జిల్లుమన్నాయి. ఈ ఊళ్ళో పదహారేళ్ళుగా ఉంటున్నాను, దాన్ని విడిగా ఎప్పుడూ వినలేదు.

"ఇది దానికి సూదిలాగ గుచ్చుకుంటాది" అన్నది మేడం. "దీన్ని ఆఖర్న పెడదాం. ఆఖరంటే ఆఖరు."

రోజు 52

ఉరుముల కింద, అడుగున, సైరన్ లావు ముక్కను చాలా చిన్నగా కలిపి వినిపించాం. నాకైతే తేడా తెలియలేదు.

జమునకు తెలిసింది. నడుస్తున్నది చెక్క మీద ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు మెల్లగా తీసింది. విసిరేయలేదు. తీసి, నేల మీద పెట్టి, నా ముఖం కేసి చూసింది. అది ఎప్పుడూ ముఖం కేసి చూడదు. చూసి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

మోసం చేశావు అన్నట్టుగా. ఇది నాకనిపించింది. చూసింది మాత్రం, గోడ వైపు తిరిగింది, అంతే.

రోజు 57

ఐదు రోజులు సున్నా. హెడ్‌ఫోన్లు ఉన్న మూలకు పోవడం లేదు. రెండు రోజులుగా మళ్ళీ నిద్ర మధ్యలో లేచి ఏడుస్తోంది.

మేడం రోజూ వచ్చి పోతోంది. "నేను చెప్పినాను గదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది, జవాబు చెప్పుకునేదాన్ని.

ఈ రోజు పని మధ్యలో ఫ్యాను గదిలో కూర్చుని ఏడ్చాను. అక్కడ ఏడిస్తే ఎవరికీ వినపడదు. తర్వాత రెండో ఫ్యాను బెల్టు మార్చాను.

రోజు 59

మధ్యాహ్నం గిన్నెలు తోముతున్నాను. తల మీద ఏదో పడింది. జమున వెనక నిలబడి నాకు హెడ్‌ఫోన్లు తొడుగుతోంది. నా చెయ్యి పట్టి పెట్టె మీద పెట్టింది.

తడి చేతులతోనే ఉరుములు పెట్టాను. సైరన్ కలపనివి. జమున నా మోకాళ్ళ మీద ఎక్కి నా నోటి కేసి చూస్తూ కూర్చుంది. నేను ఏడుస్తానా, అరుస్తానా, పారిపోతానా అని చూస్తున్నట్టుంది. నేను కదలకుండా విన్నాను. ఐదు నిమిషాలకు హెడ్‌ఫోన్లు నా తల మీంచి తీసి తాను పెట్టుకుంది.

ఆ సాయంత్రమే మేడంతో చెప్పాను. "ఈసారి దొంగతనంగా కలపం. ముందు నేను వింటా, అది చూస్తాది. ఏముందో తెలిసినాకనే దానికి."

మేడం కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నాకు ముప్పై ఏండ్ల అనుభవం. ఇది నాకు తట్టలేదు" అన్నది.

రోజు 71

ఇప్పుడు మా పద్ధతి ఇది. సైరన్ ముక్కను పెట్టెలోంచి బయటికే మోగిస్తాను. చిన్నగా. ముందు నేను చెవులు మూసుకుంటాను. జమున చూసి తానూ మూసుకుంటుంది. చేతులు చెవుల మీదే ఉంచుకుని లేచి నడుస్తాను. అది వెనక నడుస్తుంది. గుమ్మం దాకా పోతే సైరన్ ఆపేసి హెడ్‌ఫోన్లలో ఉరుములు. మరుసటి రోజు గుమ్మం దాటి. ఆ మరుసటి రోజు పక్కింటి దాకా.

చెవులు మూసుకోకూడదని నిబంధనలో ఎక్కడా లేదు. శేషఫణిని అడిగి వచ్చాను. "నడిస్తే చాలమ్మా. తలకిందులుగా నడిచినా నాకేం లేదు" అన్నాడు.

లావు ముక్క, నడిమి ముక్క రెండూ కలిపి ఒక నిమిషం తట్టుకుంటోంది. వీధిలో మేమిద్దరం చెవులు మూసుకుని ఊరేగుతుంటే జనం తలుపుల్లోకి వచ్చి చూస్తున్నారు. చూడనీ.

రోజు 83

సన్న ముక్క కూడా కలిపాం. మూడూ కలిస్తే అది అసలు సైరనే. ధ్వని మాత్రం తగ్గించి. పెట్టెను మా గుమ్మంలో పెట్టినా రాతి వీధి పొడవునా వినపడుతుంది. ఇంటి నుంచి గాలిగదికి రెండు వందల పన్నెండు అడుగులు. నేను ఇంట్లోనే ఉండిపోయి, మద్దిలేటి అవతల గేటు దగ్గర నిలబడితే, ఐదుసార్లలో మూడుసార్లు తానొక్కతే నడిచి వెళ్ళింది. ఒకసారి దారిలో కూర్చుండిపోయింది. ఒకసారి పక్కింట్లోకి పోయి వాళ్ళ మంచం కింద దూరింది. పక్కింటివాళ్ళు మజ్జిగ ఇచ్చి పంపారు.

రోజు 90

డ్రిల్లు ఉదయం పది గంటలకు. మద్దిలేటి ఇంట్లో ఉన్నాడు, జమునను తాకకూడదు, పలకరించకూడదు. నేను గేటు దగ్గర శేషఫణి పక్కన. ఆయన చేతిలో గడియారం.

సైరన్ మోగింది. ముప్పై సెకన్లకు మద్దిలేటి తెరిచి ఉంచిన తలుపులోంచి జమున బయటికి వచ్చిందని అతను తర్వాత చెప్పాడు. కాసేపటికి మలుపులో నాకు కనపడింది. చేతులు చెవుల మీద. తల వంచుకుని, గోడ వెంబడి నడుస్తోంది. మలుపు మధ్యకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

కూర్చుంది. మోకాళ్ళలో తల పెట్టుకుంది. నేను పిలవకూడదు. పెదవులు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఇరవై సెకన్లు. ముప్పై. నలభై. యాభై సెకన్లకు లేచింది. లేచి, నడిచి, గేటు దాకా వచ్చి, వేలితో గేటును తాకింది.

గేటు అప్పటికే మూసుకుని ఉంది. శేషఫణి గడియారం నాకు చూపించాడు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు.

"నడిచింది సార్. మీరే చూసినారు" అన్నాను.

"చూసినానమ్మా. నాకూ కళ్ళున్నాయి." ఆయన గొంతు తగ్గించాడు. "కానీ గేటుకు లేవు. పదిహేను రోజుల్లో ఇంకొక్కసారి డ్రిల్లు అడగొచ్చు, అది మీ హక్కు. ఆ లోపల కాకపోతే బండ్లు బయలుదేరతాయి."

సంతకం పెట్టి అడిగాను.

రోజు 91

మద్దిలేటి ఈ రోజు పొలానికి పోలేదు. పొద్దున్నుంచీ వీధిలో తిరిగాడు. అడుగులు లెక్కబెట్టాడు, గోడలు చూశాడు. భోజనం వేళకు వచ్చి నేల మీద సుద్దముక్కతో గీశాడు.

"తప్పు పాపది గాదు లీలా, మలుపుది. అక్కడ రెండు సైరన్లు ఎదురెదురుగా ఉండాయి. మిగతా దారంతా ఒక్కొక్కటే. ఒక్కటైతే అది తట్టుకుంటాంది. రెండు ఒకేసారి గుచ్చితే కూర్చుంటాంది."

"సైరన్ తీయనీరు. నేను అడిగినా, తీయకూడదు కూడా. ఎవురికైనా వినపడకపోతే?"

"సైరన్ తీయమన్లేదు. మనమే ఇల్లు మారదాం అంటాండా." సుద్దముక్కతో మలుపు అవతల గీత గీశాడు. "మలుపుకూ గాలిగదికీ మధ్యన తొమ్మిది ఇండ్లుండాయి."

ఆ మనిషిని అలా చూస్తూ ఉండిపోయాను. రెండు నెలల కిందట సముద్రం గురించి మాట్లాడింది ఇతనే. పరుగున వెళ్ళి శేషఫణిని అడిగాను. ఆయన నిబంధనల పుస్తకం రెండుసార్లు చదివాడు. "'నివాసం నుంచి' అని ఉంది. ఏ నివాసమని లేదు" అన్నాడు.

రోజు 95

తొమ్మిది తలుపులూ తట్టి, మాతో ఇల్లు మార్చుకుంటారా అని అడిగాం. మా ఇల్లు పెద్దది, మూడు గదులు, గాలి బాగా వస్తుంది. అయినా గాలిగది దగ్గర ఇల్లు ఎవరు వదులుకుంటారు?

మొదటి ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంది. వాళ్ళను అడిగినందుకు నాకే సిగ్గేసింది. ఇంకో ఇంట్లో, "మీ పాప అరుపులు మాకు తెల్సు, మా చంటిది నిద్రపోవద్దా" అన్నారు. ఒకాయన తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, మూశాడు. ఆరుగురు లేదన్నారు. ఇద్దరు ఆలోచించి చెబుతామన్నారు, అంటే లేదనే.

తొమ్మిదో ఇల్లు ఓబుళమ్మది. డెబ్భై దాటిన మనిషి, రెండు గదుల్లో ఒంటరిగా ఉంటుంది. ఆమె నోటికి వీధి వీధంతా భయపడుతుంది.

"ఎవురది? ఓ, అరిచే పాప వాళ్ళమ్మవా? ఇల్లు మార్చుకోవాల్నా? నేను మార్చను. నా మోకాళ్ళతో మలుపు అవతల నుంచి నడిచి సచ్చేదానికా?"

"సరే అవ్వా" అని తిరిగాను.

"నిలబడు. సగం మాటకే పోతాంది చూడు. ముందర గది నాకెందుకు? పాత సామాన్లు పెట్టుకున్నా. ఆ గదిలో ముగ్గురు పడతారా?"

పడతామని తల ఊపాను.

"ఊరకే గాదు. నా గదిలో గాలి గొట్టం ఆర్నెల్ల నుంచి గర్ గర్ మంటాంది. ఫ్యాన్లదానివి గదా, బాగుజెయ్యి. ఇంకోటి. పాప అరిస్తే నేనూ అరుస్తా. నా నోరు నీకు తెలీదు."

"తెలుసవ్వా. వీధంతా చెప్పినారు."

ఓబుళమ్మ నవ్వింది. ఆమె నవ్వుతుందని వీధిలో ఎవరూ చెప్పలేదు.

రోజు 98

గొట్టం బాగుచేశాను. లోపల బిగింపు వదులైంది, అంతే. ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదట, అడిగితే అలుసవుతానని.

సామాను మార్చాం. నేను అనుకున్నదానికన్నా కష్టమైంది. జమునకు ఇల్లంటే గోడలో పగుళ్ళు కూడా ఇల్లే. రెండు రోజులు అన్నం ముట్టలేదు. తలుపు దగ్గర నిలబడి అరిచింది. చెప్పినట్టే ఓబుళమ్మ కూడా లోపలి గదిలోంచి అరిచింది. "నీకొక్కదానికే గొంతుందనుకున్నావా?" జమున అరవడం ఆపి ఆ గది వైపు చూసింది. మళ్ళీ అరిచింది. ఆమె మళ్ళీ అరిచింది. మూడోసారికి నాకు భయం పోయి నవ్వొచ్చింది. ఆఖరికి ఇద్దరూ అలసిపోయి మజ్జిగన్నం తిన్నారు.

మద్దిలేటి కొత్త గుమ్మానికి ఊయల కట్టాడు. ఉరుములు, ఇరవై నిమిషాలు.

రోజు 101

కొత్త ఇంటి నుంచి గాలిగదికి డెబ్భై నాలుగు అడుగులు. దారిలో సైరన్ ఒక్కటే. పెట్టెతో ఆరుసార్లు నడిపించాం. నాలుగుసార్లు వెళ్ళింది, రెండుసార్లు వెళ్ళలేదు.

మేడం, నేను ఎన్నిసార్లని లెక్కపెట్టడం మాని, ఎప్పుడు వెళ్ళలేదో చూశాం. వెళ్ళని రెండుసార్లూ పొద్దున్నే, నిద్ర లేచిన వెంటనే. డ్రిల్లు పది గంటలకే పెట్టమని శేషఫణిని అడిగాను. "నిజం సైరన్ పది గంటలకే మోగుతాదా?" అన్నాడు. ఆ మాట నిజమే. పొద్దున్నే నడిపించే పని ఇంకా మిగిలే ఉంది, డ్రిల్లు అయిపోయినా మిగిలే ఉంటుంది. ఆయన కాగితంలో రాసుకుంటూ, "పదకొండుకు పెడతా. ఇది పరీక్షే గదా" అన్నాడు.

రోజు 104

పదకొండుకు సైరన్ మోగింది.

మద్దిలేటి తలుపు తెరిచి పక్కకు జరిగాడు. నేను గేటు బయట, శేషఫణి పక్కన. ఖాజాబీ మేడం నా వెనక, నా చీర కొంగు పట్టుకుని ఉంది. తను పట్టుకున్న సంగతి ఆమెకే తెలియదనుకుంటాను.

నలభై సెకన్ల దాకా ఎవరూ బయటికి రాలేదు. యాభై. అప్పుడు జమున వచ్చింది. చేతులు చెవుల మీద, తల వంచుకుని, గోడ వెంబడి. సైరన్ కింద ఆగింది. దాని భుజాలు వణుకుతున్నాయి. గౌను ముందు తడిసి ఉంది. పన్నెండు సెకన్లు ఆగింది. నడిచింది. నా ముందు నుంచే వెళ్ళింది, నా వైపు చూడలేదు. గేటు దాటి గాలిగదిలోకి పోయి, గోడ పక్క బల్ల మీద కూర్చుంది.

రెండు నిమిషాల ఎనిమిది సెకన్లు. శేషఫణి రాసుకున్నాడు. రాసినదాన్ని నాకు చూపించాడు, నేను అడగకముందే.

ఓబుళమ్మ ఆ వెనకే బయలుదేరింది. డ్రిల్లు వీధంతటికీ. రెండు నిమిషాల యాభైకి రొప్పుతూ గేటు దాటింది. గేటు పడింది.

గేటుకున్న అద్దంలోంచి లోపల కనిపిస్తుంది. మాటలు వినపడవు. జమున ముందుకూ వెనక్కూ ఊగుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను అద్దానికి అరచెయ్యి ఆనించాను. ఇంకా రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది, గేటు తెరవరు. ఆ రెండు నిమిషాలు దాని పక్కన నేను లేను.

ఓబుళమ్మ వెళ్ళి బల్ల మీద దాని పక్కన కూలబడింది. ఊపిరి కుదురుకోగానే పైకప్పు కేసి చెయ్యి ఎత్తి మొదలుపెట్టింది. ఆ చేతులు తిప్పడం, ఆ నోరు సాగడం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. సైరన్‌ను తిడుతోంది. దాని వంశాన్ని, దాన్ని చేసినవాణ్ణి, మోగించినవాణ్ణి. నా పక్కన శేషఫణి ఇబ్బందిగా దగ్గాడు.

జమున ఊగడం ఆపింది. కళ్ళు తెరిచింది. ఓబుళమ్మ నోటి కేసి చూసింది.

పైన సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. జమున అవ్వ వైపు ఉన్న చెవి మీది నుంచి చెయ్యి తీసింది.